తూకం వేయించే ముందు తిరగేసి చూడండి

మన కోయంబత్తూరు, మదురై తెలుగు ఇండ్లలో ఇప్పుడు ఒక వరస కనిపిస్తోంది. ఇంట్లో పెద్దావిడ పోతారు. సంవత్సరీకం అవుతుంది. ఇల్లు అమ్మడమో, పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడమో తేలుతుంది. అప్పుడు అటక మీద ఉన్న ఇత్తడి, కంచు, రాగి అంతా గోనెసంచుల్లోకి దిగి పాత్రల అంగడికి పోతుంది. అక్కడ త్రాసు ఒకటే మాట చెప్తుంది: ఇన్ని కిలోలు. మా ఇంట్లో కూడ ఇదే జరిగింది. త్రాసు అబద్ధం చెప్పదు. కాని పాత వస్తువు గురించి అడగాల్సిన నాలుగు ప్రశ్నల్లో అది ఒక్కదానికే జవాబు చెప్తుంది. మిగిలిన మూడూ మనమే అడగాలి, అదీ సంచి మూతి కట్టక ముందే అడగాలి. ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాము.

ముందు మా సంగతి. మా అవ్వ ఇల్లు పీళమేడు పక్క. నాయన ఉద్యోగం మైసూరులో కాబట్టి మా చదువంతా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సెలవులకు అవ్వ ఊరికి పోతే వీధిలో తమిళం. ఇప్పుడు చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా 'ఇది బాగానే ఉంది' అంటే ఊరికే నమ్మకుండా, పరీక్ష పెట్టి, కనబడింది కనబడినట్టు రాసిపెట్టడం మా పని. ఆ బుద్ధి ఆఫీసులో రోజూ పనికొస్తుంది. ఇంటి సామాను దగ్గర మాత్రం ఆలస్యంగా వచ్చింది.

అవ్వ ఇంట్లో దీపాలకు సంబంధించిన జతలు రెండు ఉండేవి. మొదటి జత, అద్దాల బీరువాలో పెట్టిన 'వెండి' కొవ్వొత్తి స్టాండ్లు. కూనూరులో తేయాకు తోట చూసే దొర ఒకాయన సీమకు తిరిగిపోతూ సామాను వేలం వేస్తే తాత కొన్నాడని చెప్పేవాళ్ళు. రెండో జత, మోకాలెత్తు ఇత్తడి దీపాలు. మేమందరం వాటిని తమిళ మాటతో కుత్తువిళక్కు అనే పిలిచేవాళ్ళము. ఒత్తి దీపానికైనా, కొవ్వొత్తికైనా నిలబెట్టే కంబానికి తెలుగులో సెమ్మె అనే మంచి మాట ఉందని మాకు చాలా తర్వాత తెలిసింది.

పంపకాల రోజు వెండి స్టాండ్ల దగ్గర పెదనాన్నకూ అత్తకూ మాటామాటా పెరిగింది. ఇత్తడి సెమ్మెల కోసం ఎవరూ నోరు తెరవలేదు. వాటిలో ఒకటి అప్పటికే సంచిలో అంగడికి పోయి, దాని బదులు కొత్త స్టీలు పాత్రలు వచ్చేసినాయి. రెండోది అటకలో తాటాకు బుట్టల వెనక ఉండి ఎవరి కంటా పడలేదు. అందుకే మిగిలింది.

దాన్ని దించి దుమ్ము తుడుస్తూ తిరగేసినాము. అడుగు పళ్ళెం లోపలి అంచు చుట్టూ చిన్నచిన్న చుక్కలతో పొడిచిన గీత ఒకటి కనిపించింది. "అది తీగ డిజైను లే" అన్నాడు చిన్నాయన కొడుకు. వాడు చదివింది తమిళం, ఇంగ్లీషు. ఆ గుండ్రటి వంకరలు వాడి కంటికి తీగలాగే ఉంటాయి. మా కంటికి అట్ల కనబడలేదు. కన్నడం చదివినవాళ్ళకు తెలుగు అక్షరం చుట్టాల ఇంటి బిడ్డ వంటిది. తలకట్టు తేడా, ఇంకో నాలుగైదు అక్షరాల తేడా తీసేస్తే మిగతా ముఖాలన్నీ తెలిసినవే. సెల్‌ఫోను టార్చి పక్కకు వాల్చి పట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాము. "రంగమ్మకు మధుర పుట్టింటి సారె శుభకృతు" అని ఉంది.

ఇంట్లో గుడ్డపీలికంత చప్పుడు కూడ లేదు. రంగమ్మ అంటే మా తాత తల్లి. ఆమెది మదురై అని మాలో ఎవరికీ తెలియదు. అవ్వకు తెలిసి ఉంటుంది, మేమే అడగలేదు. ఇన్నేండ్లు కార్తీకంలో ముట్టించిన దీపం అడుగున ఆ సంగతి రాసే ఉంది. చదవగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేకపోయినారు.

చివరి మాట 'శుభకృతు' సంవత్సరం పేరు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏండ్ల చక్రంలో ఒకటి. ఇది 2022–23లో వచ్చింది. అంతకు ముందు 1962–63, దానికి ముందు 1902–03, ఇంకా వెనక 1842–43. పాత సామాను మీద సంవత్సరం పేరు దొరికితే చాలామంది తమకు నచ్చిన ఏడాదిని పట్టుకుంటారు. అట్ల చేయకూడదు. పేరు నాలుగు ఏడాదులకు సరిపోతే, మిగతా ఆధారాలతో మూడింటిని కొట్టేయాలి. 1962 నాటికి రంగమ్మ బతికి లేదు. 1842కి ఆమె పుట్టనే లేదు. కాబట్టి 1902–03. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన సారె. అంటే ఈ సెమ్మెకు నూట ఇరవై ఏండ్లు దాటినాయి.

అక్షరం దొరికింది కదా అని మేము ఊరుకోలేదు. పేరు తర్వాతెప్పుడో పొడిపించి ఉండొచ్చు, లోహం ఇంకేదో కావొచ్చు. అందుకని వరసగా పరీక్షలు పెట్టినాము. వీటికి ఖర్చు లేదు, మీరూ చేయొచ్చు.

మొదటిది అయస్కాంతం. ఇత్తడికీ కంచుకూ అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము ఉండి పైన పూత ఉన్నట్టే. రెండోది చప్పుడు. కంచు కంఠం అని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. కంచు గిన్నెను వేలితో కొడితే చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. మన ఇండ్లలో ఈ పేర్లు కలగాపులగం కావడానికి ఒక కారణం ఉంది. మన ఇత్తడి తమిళంలో పిత్తళై, కన్నడంలో హిత్తాళె. ఇవి ఒకే మాటకు మూడు రూపాలు. కాని మన కంచును కన్నడంలో కంచు అనే అంటారు గాని తమిళంలో వెణ్‌గలం అంటారు. అంగడిలో ఏ పేరు చెప్పి ఏది తూస్తున్నారో ఒకసారి గట్టిగా అడగండి.

మూడోది నీళ్ళ తూకం. ఇది అన్నిటికంటే నమ్మకమైనది. సెమ్మె ముక్కలను మర విప్పి, ఒక ముక్కను మామూలుగా తూచండి. తర్వాత దాన్ని దారంతో కట్టి, వేలాడే త్రాసుతో, బకెట్టు నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు పట్టి తూచండి. గాలిలో 2520 గ్రాములు, నీళ్ళలో 2220 గ్రాములు ఉందనుకుందాం. తేడా 300. మొదటి తూకాన్ని తేడాతో భాగిస్తే 8.4 వస్తుంది. ఇత్తడి ఇంచుమించు 8.4 నుంచి 8.7 దాకా ఉంటుంది. కంచు ఇంకొంచెం ఎక్కువ. ఇనుము 7.8 దగ్గర, అల్యూమినియం 2.7 దగ్గర ఆగుతుంది. లెక్క తక్కువ వచ్చినంత మాత్రాన మోసం అని తేల్చేయొద్దు. లోపల బోలు ఉండి గాలో, మట్టో చిక్కుకున్నా తగ్గుతుంది.

నాలుగోది పనితనం. కుంభకోణం పక్కన నాచ్చియార్‌కోయిల్‌లో కుత్తువిళక్కులు ఈనాటికీ పోతపోస్తారు. ఆ పనికి జీఐ గుర్తింపు కూడ ఉంది. కావేరి ఒండ్రుమట్టితో అచ్చు చేసి, అడుగు, కంబం, నూనె పళ్ళెం, పైకొమ్ము వేరువేరుగా పోసి, తరిమెన పట్టి, మరలతో బిగిస్తారు. కాబట్టి పాత సెమ్మెను విప్పి లోపల చూడాలి. బయట ఎంత నున్నగా ఉన్నా లోపల ఇసుక అచ్చు గరుకు కనబడుతుంది. మరచుట్లు చేతితో కోసినవైతే ఎడం సమానంగా ఉండదు, ఒక దీపం ముక్క ఇంకో దీపానికి సరిగా ఎక్కదు. యంత్రం మీద కోసినవైతే అన్నీ ఒకే కొలత.

ఐదోది అరుగుదల. నిజంగా వాడిన దీపం చేయి పట్టే చోట, ఒత్తి పెట్టే ముక్కు దగ్గర, నేలకు ఆనే అంచు దగ్గర అరుగుతుంది. చింతపండు, ఇటుకపొడి పెట్టి వందేండ్లు తోమితే పైనున్న చెక్కడం మెత్తబడుతుంది, సందుల్లో మాత్రం నూనె జిడ్డు నల్లగా గట్టిపడి ఉంటుంది. కొత్తదానికి మందు పూసి పాతదిగా చేసినప్పుడు నలుపైనా పచ్చదనమైనా అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటుంది. మా రంగమ్మ సెమ్మె ఈ ఐదింటిలోనూ నిలబడింది. పొడిచిన అక్షరాల అంచులు కూడ అడుగు పళ్ళెం అరిగినంతే అరిగి ఉన్నాయి. అంటే పేరు నిన్నమొన్న పొడిచింది కాదు.

ఇక అద్దాల బీరువాలోని వెండి జత. వాటినీ తిరగేసినాము. అడుగున ఇంగ్లీషులో ఈ, పి, ఎన్, ఎస్ అని నాలుగు అక్షరాలు ఉన్నాయి. వాటి అర్థం నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వేసిన వెండి పూత అని. నికెల్ సిల్వర్ పేరులో సిల్వర్ ఉంది గాని లోహంలో వెండి లేదు, అది రాగి, నికెలు, తుత్తునాగాల కలయిక. ఇంగ్లండులో చేసిన అసలు వెండి అయితే నడిచే సింహం ముద్ర ఉండాలి. అది 1000కి 925 పాళ్ళు వెండి అనే హామీ. దాని పక్కన పరీక్షించిన ఊరి గుర్తు ఉంటుంది. బర్మింగ్‌హామ్‌కు లంగరు, లండన్‌కు చిరుతపులి తల, షెఫీల్డ్‌కు ఆ కాలంలో కిరీటం. ఏడాదికి ఒక అక్షరం, చేసినవాళ్ళ ముద్ర కూడ ఉంటాయి. పూత సామాను చేసేవాళ్ళు కూడ చిన్నచిన్న గుర్తులు వరసగా కొట్టేవాళ్ళు, దూరం నుంచి చూస్తే హాల్‌మార్కులాగే కనబడతాయి. సింహం ఉందో లేదో భూతద్దంతో చూడందే మాట ఇవ్వకండి.

మీ ఇంట్లో సీమ ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు ఉంటే ఇంకో రెండు గుర్తులు చూడండి. వజ్రం ఆకారపు ముద్ర ఉంటే అది 1842–1883 మధ్య ఇంగ్లండులో రిజిస్టరు చేసిన డిజైను. 'ఆర్‌డి నంబరు' అని అంకె ఉంటే 1884 తర్వాతది. దేశం పేరు ఇంగ్లండ్ అని కొట్టి ఉంటే సాధారణంగా 1891 తర్వాతది, ఎందుకంటే ఆ ఏడు నుంచి అమెరికాకు పోయే సరుకు మీద దేశం పేరు ఉండాలని అక్కడి చట్టం పట్టుబట్టింది.

పెదనాన్న ముఖం చిన్నబోయింది. మేము నవ్వలేదు. తప్పు ఆయనది కాదు. మనందరికీ ఉన్న అలవాటే అది. బీరువాలో పెట్టింది గొప్పది, అటక మీద పెట్టింది తుక్కు అనుకుంటాము. దొర చేతి నుంచి వచ్చింది వెండి అని డెబ్బై ఏండ్లు నమ్మినాము. మన ముత్తవ్వ పుట్టింటి నుంచి వచ్చినదాన్ని కిలో లెక్కన ఇచ్చేసినాము. రెండింటినీ ఎవరూ తిరగేసి చూడలేదు.

ఇప్పుడు ఆ నాలుగు ప్రశ్నలకు వస్తాము. పాత లోహపు వస్తువులో నాలుగు విలువలు ఉంటాయి: లోహం, పనితనం, వయసు, పేరు. వీటికి కొనేవాళ్ళు వేరువేరు. పాత్రల అంగడి లోహానికే డబ్బు ఇస్తుంది, అందులోనూ తరుగు తీస్తుంది. పనితనానికి ఆ పని తెలిసినవాళ్ళు ఇస్తారు. వయసుకు పాత సామాను సేకరించేవాళ్ళు ఇస్తారు, జత ఉంటే ఎక్కువ, ముక్కలన్నీ అసలువే అయితే ఇంకా ఎక్కువ, మెరుగు పెట్టి అరగదీస్తే తక్కువ. నాలుగోదైన పేరుకు మాత్రం బజారులో రేటు లేదు. రంగమ్మ పేరు లోకంలో ఒక్క ఇంటికే కావాలి. ఆ ఇల్లు కూడ చదవకపోతే అది వట్టి చుక్కల గీత.

మన ఇండ్లలో ఈ పేరుకు ఇంకో బరువు ఉంది. 1529 ప్రాంతం నుంచి 1736 దాకా మదురైని ఏలిన నాయక రాజుల కాలంలోనూ, దానికి ముందూ వెనకా మన పెద్దోళ్ళు గుంపులుగుంపులుగా ఈ పక్కకు వచ్చినారు. మీనాక్షి గుడి తూర్పు గోపురం ఎదుట తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపంలో మొన్నమొన్నటి దాకా ఇత్తడి సామాను అంగళ్ళు ఉండేవి. మాట నిలిచింది గాని చదువు తమిళానికి మారింది, అది సహజమే. అవ్వ ఇంట్లోని పాత్రలు మూడు తరాలవి వరసగా పెట్టి చూసినాము. అన్నిటికంటే పాతదాని మీద తెలుగు అక్షరాలు. దాని తర్వాతి వాటి మీద తమిళ అక్షరాలు. కొత్త వాటి మీద ఇంగ్లీషు పొడి అక్షరాలు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి గోవిందమ్మ అని రాసింది తెలియనివాళ్ళు కోవిందమ్మ అని చదువుతారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పేరే లేదు. మన వలస చరిత్రను పుస్తకాల్లో వెతుకుతాము. వంటింట్లో చెంబుల అడుగున అది తరం తరానికీ పొట్టిదవుతూ రాసి ఉంది.

దీనికి ఎదురు మాట ఉంది, అది కొట్టిపారేసేది కాదు. అత్త అడిగింది: "మనోళ్ళు ముందు నుంచీ పాతది కరిగించి కొత్తది పోయించుకోలేదా? విరిగిన దీపం పూజలో పెడతారా? రెండు గదుల ఫ్లాటులో ఇదంతా ఎక్కడ పెట్టేది?" ఆమె మాట నిజమే. లోహం చేతులు మారుతూ, కరుగుతూ ఉండడమే దాని పద్ధతి. అన్నీ దాచమని మేము చెప్పడం లేదు. మేమూ ఆ రోజు రెండు సంచుల సామాను ఇచ్చేసినాము, బాధ పడలేదు. కరిగించడంలో తప్పు లేదు. చదవకుండా కరిగించడమే తప్పు. పేరు చదివి, ఫొటో తీసి, కొలత రాసుకున్న తర్వాత ఇస్తే లోహం ఒక్కటే పోతుంది. చదవక ఇస్తే లోహానికి డబ్బు వస్తుంది, పేరు ఊరికే పోతుంది.

కాబట్టి మా కోరిక చిన్నదే. సంచి కట్టే ముందు ఒక పూట కేటాయించండి. ప్రతి వస్తువునూ తిరగేయండి. జిడ్డు ఉంటే వేడినీళ్ళు, కుంకుడు రసం, మెత్తటి గుడ్డ చాలు. అక్షరం ఉన్న చోట చింతపండు, పీచు, పొడులు వద్దు. వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టి ఫొటో తీయండి. పలచటి కాగితం ఆనించి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అక్షరాలు కాగితం మీదకు దిగుతాయి. ఎత్తు, తూకం, ఏ గదిలో ఉండేది, ఏ పండక్కు తీసేవాళ్ళు అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. చదవరాకపోతే తెలుగు వచ్చినవాళ్ళకు చూపించండి, వాళ్ళు దొరకకపోతే కన్నడం వచ్చినవాళ్ళకైనా చూపించండి. అన్నిటికంటే ముందు, పెద్దోళ్ళు ఉండగానే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేయండి. ఆ తర్వాత ఉంచుకుంటారో, పంచుకుంటారో, అమ్ముతారో మీ ఇష్టం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. మా అక్క ఒకామె ఈ సెమ్మెను అమెరికాకు తీసుకుపోతానని అడిగింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లకు తక్కువ కాని కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. నూరేండ్లు నిండని వాటికి అనుమానం రాకుండా భారత పురావస్తు శాఖ దగ్గర పురావస్తువు కాదనే పత్రం తీసుకోవచ్చు. రంగమ్మ సెమ్మె మీద ఉన్న శుభకృతే దాన్ని ఇక్కడ ఆపింది. అక్కకు పెన్సిలు ముద్ర పంపినాము. ఫ్రేము కట్టించి పూజగదిలో పెట్టుకుంది. అట్లే, ఎక్కడైనా పాత దీపం మీద గుడి పేరో, దేవుడికి ఇచ్చినట్టు మాటో కనబడితే కొనకండి. అది ఇంటి సొత్తు కాదు.

కొవ్వొత్తి స్టాండ్లు పెదనాన్న దగ్గరే ఉన్నాయి. వెండి కాదని తెలిసినాక కూడ ఆయన బీరువాలోనే పెట్టుకున్నాడు. తాత కొన్న వస్తువు అనే విలువ దానికి ఉంది, ఇప్పుడు అది నిజం తెలిసిన విలువ.

అంగడికి పోయిన సెమ్మె కోసం మేము మూడుసార్లు పోయి అడిగినాము. ఎప్పుడో పోతకు పంపేసినామన్నారు. వాళ్ళను అనాల్సింది ఏమీ లేదు, మేము తెచ్చి ఇచ్చినదే కదా వాళ్ళు తూచింది. జతలో రెండోదాని అడుగున ఏం రాసి ఉండేదో, రంగమ్మ తండ్రి పేరో, ఊరి వీధి పేరో, ఇక ఎవరూ చదవలేరు. మీ అటక మీద ఉన్నది మాత్రం ఇంకా చదవొచ్చు. ఈ శుక్రవారం దీపం ముట్టించక ముందు ఒకసారి తిరగేసి చూడండి.